మిషను కారు ఎర్రదీపం

కారులో మనిషి లేడు. తాళంచెవి వరప్రసాదం జేబులోనే ఉంది. ఇంజను ఆపి, షెడ్డు తలుపు దగ్గరగా వేసి, చేతులు కడుక్కోవడానికి బావి దగ్గరికి పోయాడు. అయినా సరే, షెడ్డులో కారు వెనక ఎర్రలైటు నిప్పుకణికలా వెలుగుతూనే ఉంది.

"అల్లుడా! ఓ డైవరల్లుడా! నీ బండి కన్ను మూయడంలేదు, ఇట్ల రా!"

అరిచాడు చెంచయ్య. గిద్దలూరు మిషను కాంపౌండుకు కాపలాదారు అతనే. పొద్దున మేకలు తోలుకొని, సాయంత్రం నుంచి గేటు దగ్గర కర్ర పట్టుకొని కూర్చుంటాడు. అడవిలో చిరుతను చూసి కూడా నవ్వుకుంటూ వచ్చిన మనిషి, ఆ పూట షెడ్డుకు పది బారల దూరంలో నిలబడి దగ్గరికి రానంటే రానన్నాడు.

వరప్రసాదం చేతుల సబ్బు కూడా కడుక్కోకుండా పరుగెత్తాడు. చూశాడు.

ఆ లైటు సంగతి గిద్దలూరులో పిల్లలకు కూడా తెలుసు. మార్కాపురం నుంచి ఇక్కడిదాకా మోటార్లే తక్కువ, ఉన్నవాటిలో వెనక ఇట్లాంటి లైటు ఉన్నది మిషను కారుకే. డ్రైవరు బ్రేకు తొక్కితే వెలుగుతుంది, కాలు తీస్తే ఆరిపోతుంది. దాన్ని చూడటానికే పిల్లలు కారు వెనక పరుగెత్తేవాళ్ళు. అది కాలు పెడితేనే గదా వెలగాలి! మరి ఇప్పుడు ఎవరి కాలు ఉన్నట్టు? వరప్రసాదం తలుపు తెరిచి, పిచ్చివాడిలా కింద వంగి మరీ చూశాడు. ఎవరూ లేరు.

ఇంకోరోజు అయితే ఇంత కంగారు పడేవాడు కాదు. కానీ తెల్లవారితే ఆ కారులో పోవాల్సింది అతని భార్య దీనమ్మ.

దీనమ్మకు ఇది మూడో కాన్పు. మొదటి బిడ్డ పుట్టి ఏడవలేదు. రెండో బిడ్డ ఏడ్చింది గాని తెల్లారేదాకా లేదు. ఆ ఇద్దరినీ కాంపౌండు వెనక రేగుచెట్ల దగ్గర పెట్టి, మీద తెల్లరాళ్ళు పేర్చింది వరప్రసాదమే. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండాయి, కాళ్ళకు నీరు దిగింది, కళ్ళు మసకలు కమ్ముతున్నాయి. నర్సు సుశీలమ్మ ఆ సాయంత్రమే మొహం మీద చెప్పేసింది.

"ఇది నా చేతిలో పని కాదు ప్రసాదూ. రేపు పొద్దు తిరిగే లోపల నంద్యాల పెద్దాసుపత్రిలో డాక్టరు దొరసానమ్మ చేతిలో పెట్టాల. లేదంటే తల్లి కూడా దక్కదు, విన్నావా?"

రెండో ప్రపంచయుద్ధం మొదలైన ఏడది. ఆ అక్టోబరు ముసురుకు కొండ దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయి, నంద్యాల బండ్లు ఆగిపోయాయి. ఎద్దులబండి మీద ఆ మనిషిని కనుమ దాటించడమంటే చంపుకోవడమే. ఇక మిగిలింది మిషను కారు. ఆ కారేమో కన్ను మూయకుండా కూర్చుంది.

"రాత్రంతా ఇట్ల వెలిగితే బ్యాటరీ చచ్చిపోతాది మామా. తెల్లారి బండి లేవదు," అన్నాడు వరప్రసాదం.

"ఎవరో కూచోని తొక్కతన్నారు అల్లుడా. మనకు కనపడ్డంలే," అన్నాడు చెంచయ్య గుసగుసగా. ఓదార్పు చెప్పమంటే ఇట్లాంటివి చెప్పడంలో మహా దిట్ట ఆయన.

అప్పటికి ఎలీషబా వచ్చింది. ఆమె వరప్రసాదం తల్లి, గిద్దలూరు సంఘానికి బైబిలు స్త్రీ. నీలం అంచు తెల్లచీర కట్టి, చంకలో బైబిలు పెట్టి పల్లెలు తిరిగి వాక్యం చెప్పడం ఆమె పని. ఆ తెల్లచీరలు ఏటా మిషను వాళ్ళు ఇస్తారు, ఆ ఊళ్ళో మరొకరికి లేవు. పుట్టింది త్రిపురాంతకం పక్క పల్లెలో, పెట్టిన పేరు అంకమ్మ. బాప్తిస్మం పుచ్చుకున్న రోజున ఇంట్లో పసుపు కుంకుమల బరిణె తీసుకుపోయి వాగులో పారేసి వచ్చింది, వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె పేరు చెబితే సంఘంలో మగవాళ్ళకు కూడా నోరు పెగలదు. మొన్న ఎండాకాలంలో కూలి చేసుకునే సౌభాగ్యమ్మ, కూతురికి మూర్ఛలు వస్తున్నాయని పెద్దారవీడు పోయి తాయెత్తు కట్టించుకొస్తే, మిషను గుడిలో అందరి ముందర కత్తెర తెచ్చి ఆ దారం తెంపింది ఎలీషబాయే. పిల్ల బెదిరిపోయి కేరుకేరుమంది. ఆనాటి నుంచీ సౌభాగ్యమ్మకు ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం లేవు, ముందువరసలో చాప లేదు. గడప పక్కన గోనెపట్ట వేసుకొని కూర్చోవాల్సిందే.

అట్లాంటి ఎలీషబా ఆ ఎర్రలైటును చూసి నిలబడిపోయింది. భయపడిందా అంటే, లేదు. మొహం విప్పారింది! ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం వరప్రసాదం చూశాడు. చూసి, కోడలి కోసమేలే అనుకున్నాడు.

"ఎంతసేపట్నుంచి వెలుగుతాందిరా?"

"బండి తెచ్చి పెట్టినప్పట్నుంచి. ఎట్ల ఆర్పాల్నో దిక్కు తెలవడంలేదమ్మా."

"ఆర్పడమెందుకురా? దానికేం పోయేకాలం! ఇంట్లో ఆడపిల్ల కాన్పుకు దగ్గర పడినప్పుడు దీపం ఆర్పుతానంటావేంది, వెలగనీ."

"దీపమేందమ్మా నీ మొహం! బ్రేకు లైటది!"

తల్లితో ఆ మాట అన్నందుకు మామూలు రోజైతే చెంప పగిలేది. ఆ పూట ఆమె ఏమీ అనలేదు. వరప్రసాదానికి అదీ వింతగానే తోచింది, కానీ ఆలోచించే తీరికెక్కడిది?

లాంతరు దగ్గర పెట్టుకొని పని మొదలుపెట్టాడు. లైటు మీద తట్టాడు. పెడలు తొక్కి వదిలాడు, తొక్కి వదిలాడు. పైకి లేచే ఉంది, ఎప్పుడూ ఉన్నట్టే ఉంది అనిపించింది. బొటనవేలు మందం తక్కువ లేచిన సంగతి ఆ మసక వెలుతురులో ఆ కంగారు కళ్ళకు కనపడలేదు. పెడలు దగ్గర చిన్న స్విచ్చి ఉంటుంది, పెడలు కదిలితే అది లాగి లైటు వెలిగిస్తుంది. దాన్ని తడిమి, తడి తగలగానే తొడ చరుచుకున్నాడు.

"దొరికింది! పొద్దున సగిలేరు దాటినా గదా, నీళ్ళు పోయినాయి దీంట్లోకి. ఇదీ రోగం!"

ఎంత చక్కటి కారణం! తానే కనిపెట్టినందుకు కాసేపు ఉబ్బిపోయాడు కూడా. కుంపటి తెచ్చి సెగ చూపించాడు, గుడ్డతో తుడిచాడు, నోటితో ఊదాడు. లైటు ఆరలేదు. సరే, కిందికి దూరి కడ్డీలు కూడా ఒకసారి చూద్దామని మోకాళ్ళ మీద వంగాడో లేదో, వెనకనుంచి చొక్కా పట్టుకొని లాగింది ఎలీషబా.

"ఈ బురదలో పండుకుంటావా? రేపు నీకు జరమొస్తే బండి తోలేదెవరు, నీ తాతనా? దీనమ్మ పిలుస్తాంది, పో."

పరుగున పోయాడు. దీనమ్మ గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. "నేను పిలవలేదే?" అంది ఆశ్చర్యంగా. పిలవకపోయినా, వాచిన ఆ పాదాలు చూశాక అతనికి మళ్ళీ షెడ్డుకు పోబుద్ధి కాలేదు. ఒళ్ళో పెట్టుకొని నెమ్మదిగా ఒత్తుతూ కూర్చున్నాడు.

సంఘ కాపరి కరుణాకరం అయ్యగారు ప్రార్థన చేయడానికి వచ్చి, సంగతంతా విని పకపకా నవ్వాడు. మంచి మనిషే, కానీ ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా సలహా ఆయన జేబులో ముందే ఉంటుంది.

"దీనికింత ఆలోచనేందయ్యా? బల్బు పీకి జేబులో యేసుకో. ఎనక లైటు లేకపోతే బండి ముందుకు పోనంటాదా?"

ఔను గదా! వరప్రసాదానికి ప్రాణం లేచొచ్చింది. రాత్రికి బ్యాటరీ వైరు ఊడదీసి పెట్టి, తెల్లవారగానే తిరిగి తగిలించాడు. వెంటనే లైటు భగ్గున వెలిగింది. ఇక దానితో మాటల్లేవు, అద్దం విప్పి బల్బు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు.

దీనమ్మను దుప్పటిలో చుట్టి వెనక సీటులో పడుకోబెట్టారు. తల ఒళ్ళో పెట్టుకొని కూర్చోవాల్సింది ఎలీషబా. బండి ఎక్కబోతూ ఆమె వెనక్కి పోయి చూసి వచ్చింది. మొహం పాలిపోయింది.

"ప్రసాదూ, దీపమేదిరా?"

"పీకేసినా."

"ఎంత పని చేసినావురా!" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. బండిలో కూర్చున్నాక పెదాలు కదులుతూనే ఉన్నాయి. అమ్మ యేసయ్యను వేడుకుంటోందిలే అనుకున్నాడు కొడుకు.

ఊరు దాటింది మొదలు కారు నడక బాగాలేదు. ఎవరో వెనక తాడు కట్టి లాగుతున్నట్టు ఈడుస్తోంది. బురద అనుకున్నాడు. దిగువమెట్ట దగ్గర రోడ్డు గట్టిపడింది, అయినా అదే తీరు. బరువనుకున్నాడు. మనిషికి ఒక కారణం దొరికితే చాలు, కళ్ళు మూసుకోవడానికి! ముందర నల్లమల మబ్బుల్లో మునిగి ఉంది. కనుమ ఎక్కడం ఒక ఎత్తు, అవతల దిగడం ఒక ఎత్తు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మలుపు మీద మలుపు. అక్కడ బండినీ మనుషులనీ పట్టి ఉంచేది బ్రేకు ఒక్కటే.

ఎక్కుడు మొదలై ఎంతో దూరం పోలేదు, దీనమ్మ మూలుగుతూ అంది.

"ఇదిగో... ఏదో కాలుతాంది."

అతనికీ అప్పుడే వాసన తగిలింది. వెంట్రుకలు మాడిన వాసన. బండి ఆపి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, వెనక్కి పోయాడు. చక్రం లోపలినుంచి పొగ! చెయ్యి పెట్టాడు, చుర్రుమని బొబ్బ లేచింది. పక్కన కొండ మీదనుంచి కారుతున్న నీళ్ళు దోసిట పట్టి చల్లితే చుయ్యిమని ఆవిరి లేచింది. రెండో చక్రమూ అంతే.

వరప్రసాదం రోడ్డు మీదే చతికిలబడ్డాడు.

బ్రేకు వదలలేదు. నిన్నటినుంచీ వదలలేదు. పెడలు పూర్తిగా వెనక్కి రాక, చక్రాన్ని పట్టుకొనే ఉంది. అందుకే ఆ లైటు ఆరలేదు. స్విచ్చి చెడిపోలేదు, నీళ్ళు పోలేదు, దయ్యమూ లేదు. ఆ లైటు రాత్రంతా ఉన్నమాటే చెప్పింది. తానేమో దాని నోరు పీకి జేబులో వేసుకొని, కట్టుకున్నదాన్ని ఎక్కించుకొని కనుమకు బయలుదేరాడు! ఇట్లాగే ఎక్కి దిగడం మొదలుపెట్టి ఉంటే? ఈ కాక మీద బ్రేకు పట్టు వదిలేస్తే? ఆ మలుపుల్లో ఎంత తొక్కినా బండి ఆగకపోతే?

ఈసారి బురదా రాళ్ళూ చూడలేదు. వెల్లకిలా పడుకొని కారు కిందికి దూరాడు.

పెడలు నుంచి వెనక్కి పోయే బ్రేకు కడ్డీ ఒక ఇనుప పట్టీ రంధ్రంలోంచి పోతుంది. ఆ రంధ్రం మూతి దగ్గర, కడ్డీకి, నిమ్మకాయంత ముద్ద. గ్రీజు కింద పసుప్పచ్చగా కనిపించింది. బ్రేకు తొక్కితే కడ్డీతో పాటు ముందుకు పోయి, వదిలితే వెనక్కి వచ్చి ఆ రంధ్రానికి అడ్డం పడి ఇరుక్కుంటోంది. ముడి మీద ముడి, మళ్ళీ ముడి. పళ్ళతో కొరికి లాగితే గాని ఊడి రాలేదు. చేతిలోకి తీసుకొని విప్పాడు. పసుపులో ముంచిన గుడ్డ. లోపల రూపాయి బిళ్ళ, పసుపుకొమ్ము.

ముడుపు!

అతనికి అర్థం కాలేదు. మిషను కారుకు ముడుపా? ఎవరు కట్టారు? చెంచయ్యా? గుడ్డను ఇటూ అటూ తిప్పాడు. పసుపు అంటినా, ఒక అంచు వెంట నీలం గీత స్పష్టంగా కనిపిస్తోంది.

ఆ నీలం అంచు అతను చిన్నప్పటినుంచీ చూస్తున్నాడు. ఆ కొంగుతో ముక్కు తుడిపించుకున్నాడు. నాయన పోయిన రోజు ఆ కొంగులోనే మొహం దాచుకున్నాడు. గిద్దలూరంతా గాలించినా అట్లాంటి చీర ఒక్కరి పెట్టెలోనే ఉంటుంది.

తల పక్కకు తిప్పి చూస్తే, కారు కింద సందులోంచి రెండు పాదాలు కనిపించాయి. పగుళ్ళు బారిన పాదాలు. ఎప్పుడు దిగిందో, వచ్చి నిలబడి ఉంది. అతను చూస్తుండగానే ఆ పాదాలు ఒక అడుగు వెనక్కి వేశాయి.

"అమ్మా," అన్నాడు కారు కిందనుంచే. "ఇది నువ్వేనా?"

బయటికి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. పసుపు గుడ్డ చేతిలో ఉంది.

"పిల్ల మెడలో దారం చూసి కత్తెర తెచ్చినదానివి! సౌభాగ్యమ్మను గడపకాడ కూచోబెట్టినదానివి! నువ్వా అమ్మా? నువ్వు కట్టినావా ముడుపు?"

"త్రిపురాంతకం అమ్మకు మొక్కుకున్నా," అంది ఎలీషబా. గొంతు పీలగా, ఎవరిదో అన్నట్టు వచ్చింది. "ఇద్దరు పోయినారు గదరా. ఆ ఇద్దరికీ మోకాళ్ళు అరిగిపోయేట్టు ప్రార్థన చేసినా. ఆయనకు వినపడలా. ఇది కూడా పోతే నేనెట్ల బతికేదిరా? చిన్నప్పుడు మా అమ్మ మొక్కేది. అదే గుర్తొచ్చింది."

"మొక్కితే మొక్కినావు! బ్రేకుకు కడతారా అమ్మా ఎవరన్నా?"

"నువ్వే గదరా చెప్పినావు!" ఆమె కూడా గొంతు పెంచింది. "మొన్న నువ్వు బండి కింద పండుకొని గ్రీజు పెడతాంటే నేను సంగటి తెచ్చినా. ఒరే నాయనా, ఈ బండికి ప్రాణం యాడుంటాదిరా అని అడగలేదా? నువ్వేం చెప్పినావు? ఆ కడ్డీ మీద కొట్టి, ఇదిగో ఇందులో, కనుమ దిగేటప్పుడు మన ప్రాణాలన్నీ దీని మీదనే అనలేదా? నిన్న మధ్యాన్నం నువ్వు కునుకు తీస్తాంటే ఆ ప్రాణానికే కట్టినా. నిన్న ఆ దీపం ఆరకుండా వెలుగుతాంటే, అమ్మ నా మొక్కు అందుకుందనుకున్నా. నువ్వు పీకేస్తే నా పైప్రాణం పైనే పోయింది."

వరప్రసాదానికి ఏడుపొచ్చిందో కోపమొచ్చిందో అతనికే తెలియలేదు. కాపాడమని కట్టిన ముడి, మరి రెండు మలుపులు పోతే ముగ్గురినీ, కడుపులో బిడ్డతో సహా, లోయలో పారేసి ఉండేది. చెప్పాడు. చక్రం పొగ చూపించాడు, చేతి బొబ్బ చూపించాడు. ఎలీషబా వింటూ వింటూ నిలువునా నీరైపోయి, కారు రేకును పట్టుకొని కూలబడింది.

అతను చెయ్యి ఎత్తాడు, ముడుపును లోయలోకి విసరడానికి.

"పారేయొద్దు!"

కారులోంచి దీనమ్మ. మిషను బడి పంతులు కూతురు, ఆదివారం తలనొప్పి వచ్చినా గుడి మానని మనిషి! వరప్రసాదం చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"నువ్వు కూడానా?" అన్నాడు తెల్లబోయి.

"నాకు ముడుపులు తెలవవు, మొక్కులు తెలవవు," అంది దీనమ్మ ఆయాసపడుతూ. "అత్త నా కోసం తన దేవుణ్ణి కూడా పోగొట్టుకోడానికి సిద్ధపడింది. దాన్ని లోయలో పారేస్తావా? ఇట్లియ్యి."

తీసుకొని తన కొంగున ముడివేసుకుంది. అప్పుడే మొదటి నొప్పి వచ్చింది. ఆమె అరుపు కొండకు తగిలి తిరిగొచ్చింది.

చక్రాలు చల్లారేదాకా ఆగక తప్పదు. ఆ కాసేపూ వరప్రసాదం నడుముకు గుడ్డ చుట్టుకొని నీళ్ళు మోస్తూనే ఉన్నాడు. చక్రాలు చెయ్యి పెట్టేంత చల్లారాక, జేబులోని బల్బు తీసి దాని చోట దాన్ని పెట్టాడు. ఇక ఆ లైటు చెప్పకుండా అడుగు ముందుకు వేసే ధైర్యం అతనికి లేదు. పెడలు దగ్గర తాను కూర్చోవాలి. వెనక చూసి చెప్పేవాళ్ళు ఎవరున్నారు? తల్లి తప్ప?

"అమ్మా, లేసి ఎనక నిలబడు. నేను తొక్కితే వెలగాల, వదిలితే ఆరాల. చూసి గట్టిగా చెప్పు."

ఎలీషబా లేచి నిలబడింది. అతను తొక్కాడు.

"వెలిగిందిరా!"

వదిలాడు. మాట లేదు.

"అమ్మా! ఏమైంది? ఇంకా వెలుగుతాందా?"

తల బయటపెట్టి చూస్తే, ఆమె కొంగు నోట్లో కుక్కుకొని నిలబడి ఉంది.

"ఆ మాట నాచేత అనిపించొద్దురా," అంది. "అది లోపల నొప్పులు పడతాంది. దీపం గురించి ఆ మాట ఎట్ల అనేది? ఏ ఆడదన్నా అంటాదా?"

"అనాల్సిందేనమ్మా! ఆ మాట నువ్వంటేనే మనం కనుమ దిగేది. అది ఆరితేనే నా పెళ్ళాం బతికేది. ఇంకోసారి తొక్కుతన్నా, చూడు!"

తొక్కాడు. వదిలాడు. లోపల దీనమ్మ పళ్ళు బిగబట్టి మూలిగింది. నల్లమల అంతా చెవి ఒగ్గినట్టు నిశ్శబ్దంగా ఉంది. ఎలీషబా కళ్ళు గట్టిగా మూసుకొని, మళ్ళీ తెరిచి చూసి, జీవితంలో ఎన్నడూ అనని మాట కొండ దద్దరిల్లేటట్టు అరిచింది.

"ఆరిందిరా! ఆరింది! ఆరిపోయింది నాయనా!"

కనుమ దిగిన ప్రతి మలుపులోనూ బ్రేకు పట్టింది, వదిలింది. పొద్దు తిరగక ముందే ఆసుపత్రి మెట్ల ముందు బండి ఆగింది. చీకటి పడకుండానే లోపలినుంచి ఏడుపు వినిపించింది, గట్టిగా, కోపంగా, తెరలు తెరలుగా. ఆడపిల్ల. వరప్రసాదం ఆ ఏడుపు ఆగకూడదని దండం పెట్టుకుంటూ వరండాలో కూర్చున్నాడు. తెల్లారి కూడా ఏడ్చింది. మర్నాడూ ఏడ్చింది.

క్రిస్మసుకు ముందు ఆదివారం పాపకు బాప్తిస్మం. గుడి నిండిపోయింది. చెంచయ్య కూడా బయట కిటికీ పట్టుకొని చూస్తున్నాడు. కరుణాకరం అయ్యగారికి ఆ రోజు హుషారు ఇంతా అంతా కాదు. ఆరని ఎర్రలైటు గురించే వాక్యం చెప్పాడు. కనుమలో ప్రమాదం ఉందని ముందే తెలిసి, దేవదూత దిగివచ్చి కారులో దీపం వెలిగించాడట! జనం అబ్బురపడి విన్నారు. బల్బు పీకమన్నది ఎవరో ఆయనకు గుర్తున్నట్టు లేదు.

"లేయ్ వరప్రసాదం," అన్నాడు. "ఆ దీపం ఎందుకు ఆరలేదో నీ నోటితో సాక్ష్యం చెప్పు."

వరప్రసాదం లేచాడు. ఇంటి దగ్గరే అనుకొని వచ్చాడు ఏం చెప్పాలో. తల్లి వైపు చూడకుండా గొంతు సవరించుకున్నాడు.

"స్విచ్చిలోకి నీళ్ళు పోయినాయి అయ్యగారూ. అంతే..."

"అబద్ధం."

ముందువరసలో ఎలీషబా లేచి నిలబడింది.

"నేను ముడుపు కట్టినా. త్రిపురాంతకం అమ్మకు. ఆ ముడుపు బ్రేకుకు అడ్డం పడి దీపం ఆరలేదు. నా కొడుకును, కోడల్ని, కడుపులో బిడ్డను చంపబోయినా. దూత లేదు, ఏం లేదు."

కరుణాకరం చేతిలో పుస్తకం అట్లాగే ఉండిపోయింది. ఎలీషబా చంకలోని బైబిలు తీసి తన చాప మీద పెట్టి, గుడి నడుమ దారిలో నడిచింది. జనం కాళ్ళు ముడుచుకొని దారి ఇచ్చారు. నడిచీ నడిచీ గడప దగ్గరికి వచ్చింది. అక్కడ గోనెపట్ట మీద, మూర్ఛల పిల్లను ఒళ్ళో పెట్టుకొని, సౌభాగ్యమ్మ కూర్చొని ఉంది. పిల్ల ఆమెను చూడగానే మెడ రెండు చేతులతో కప్పుకొని తల్లి వెనక దాక్కుంది. అది చూసి ఎలీషబా ముందుకూ పోలేక, వెనక్కీ రాలేక, చేతులు వేలాడేసుకొని నిలబడిపోయింది. అమ్మ అట్లా నిలబడటం వరప్రసాదం ఎన్నడూ చూడలేదు.

సౌభాగ్యమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. తర్వాత కొంచెం పక్కకు జరిగి, గోనెపట్ట సగం ఖాళీ చేసింది.

"కూచో అత్తా," అంది.

ఎలీషబా కూర్చుంది. కూర్చున్నాక ఏడ్చింది.

అయ్యగారు తేరుకొని పిలిచారు. ఆ సంఘంలో ఒక వాడుక ఉంది, బాప్తిస్మానికి బిడ్డను పట్టుకునేది ఆ ఇంటి పెద్దావిడే. ఇప్పుడు ఎవరు పట్టుకోవాలి? వరప్రసాదం దిక్కుతోచక దీనమ్మ వైపు చూశాడు. ఆమె అప్పటికే లేచింది. పాపను ఎత్తుకొని, అత్త నడిచిన దారినే నడిచిపోయి, గడప దగ్గర ఆమె ఒళ్ళో పాపను పెట్టి పక్కన కటిక నేల మీద కూర్చుంది.

"అయ్యగారూ," అంది తల ఎత్తి, "నీళ్ళు ఇక్కడికి తెండి."

ఇంత పెద్ద గుడిలో ఏ సలహా తోచక నిలబడటం కరుణాకరానికి అదే మొదలు. జనం ఆయన వైపు చూశారు, గడప వైపు చూశారు. సౌభాగ్యమ్మ కూతురు మెల్లగా తల్లి వెనకనుంచి ఇవతలికి వచ్చి, ఏడుస్తున్న ముసలమ్మ ఒళ్ళో పాపాయి వేళ్ళు పట్టుకొని చూస్తోంది.

చివరికి అయ్యగారు నీళ్ళ గిన్నె రెండు చేతులతో ఎత్తుకొని, ఒలకకుండా చూసుకుంటూ, గడప వైపు నడవడం మొదలుపెట్టారు.